మోటరు నడుస్తుందా?

మొన్న పొద్దున మా కోడలు తన ఫోను నా ముందుకు జరిపి, పెరట్లో బోరు మోటరు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో దానంతట అదే కబురు వస్తుందని, నీళ్లు అందకపోతే మోటరు తనంత తానే ఆగిపోతుందని చూపించింది. మంచిదే బిడ్డా అన్నాను గాని, సంతోషం కంటే ముందు ఒళ్లంతా ఏదో అలసట కమ్ముకొచ్చింది. ఇరవై ఏళ్ల పాటు ఆ పని నా చెవులు చేశాయి. బావికి మోటరు బిగించుకున్న ఇళ్లలో సంసారాలు చేసిన నా ఈడు ఆడవాళ్లకు నేనేమంటున్నానో విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను నారాయణఖేడ్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. మా పుట్టిల్లు కంగ్టి దిక్కు. అక్కడ చేదతో నీళ్లు తోడి తోడి చేతులు కాయలు కాసినదాన్ని కాబట్టి, మీట నొక్కగానే నీళ్ల హౌజు నిండే ఇంట్లో పడ్డందుకు మొదట్లో మురిసిపోయాను. పెరట్లో రాతికట్టు బావి, గట్టు పక్కన చిన్న మోటరు, అక్కడి నుంచి సిమెంటు హౌజు దాకా ఇనుప పైపు. వానాకాలంలో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. శివరాత్రి దాటితే మాత్రం పావుగంట నడిచేసరికి బావి అడుగంటేది. వెంటనే మోటరు ఆపి, ఊటలు మళ్లీ నిండే దాకా రెండు మూడు గంటలు ఓపిక పట్టాలి. ఆపడం మరిచారా, ఉత్తగాలికి తిరిగి తిరిగి కాలిపోతుంది. నీళ్లు ఎత్తుతున్నప్పుడు దాని చప్పుడు బరువుగా, నిండుగా ఉండేది. నీళ్లు తప్పగానే పలచబడి గిర్రుమనేది. ఆ తేడా పట్టుకోవడమే పని. దానికి తోడు కరెంటు ఒకటి, చెప్పి పోయేదీ కాదు, చెప్పి వచ్చేదీ కాదు. కరెంటు లేదని మీట వేసే ఉంచి మరిచిపోతే, అది వచ్చినప్పుడు మోటరు తనంతట తానే మొదలయ్యేది.

ఆ మోటరుకు కాపలా మా అత్తమ్మ. మామయ్య నా పెళ్లికి ముందే పోయారు. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా, పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. అత్తమ్మ బావికి నాలుగు బారల దూరంలో బండ మీద కూర్చుని కందిపప్పు చెరుగుతూనో, చింతపండు వొలుస్తూనో మోటరును కనిపెట్టుకుని ఉండేది. నేను వచ్చిన కొత్తలో దాని జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది కూడా. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఏమైందో గాని, రోజుకు ఇరవైసార్లు నన్ను కేకేయడం మొదలుపెట్టింది. "ఏమే, మోటరు నడుస్తుందా సూడు" అనేది. పక్కనే కూర్చుని నన్నడగడం ఏమిటి, పెత్తనం కాకపోతే అని లోలోపల మండిపోయేదాన్ని. అయినా అలవాటైపోయింది. పొయ్యి దగ్గరున్నా, తల దువ్వుకుంటున్నా ఒక చెవి బావి దిక్కే ఉండేది. చప్పుడు సరిగా వినబడక, ఏడుస్తున్న పసిబిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టి విన్న రోజులున్నాయి. ఆ బిడ్డకు ఇప్పుడు పిల్లలు. ఆ సంగతి వాడికి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఎండాకాలం, కరెంటు లేని పూట, పక్క వీధి పిండి గిర్నిలో కరెంటు రాగానే జొన్నలు పట్టించుకుని వద్దామని వెళ్లి కూర్చున్నాను. కరెంటు వచ్చింది, పిండి అయింది, గంపతో ఇంటికొచ్చేసరికి వాకిట్లోనే కాలిన వాసన కొట్టింది. పెరట్లోకి పరుగెత్తితే మోటరు లోంచి పొగ. అత్తమ్మ దానికి వీపు పెట్టి కూర్చుని, ఏమీ ఎరగనట్టు పప్పు చెరుగుతున్నది. నేను మీట ఆపి ఎదురుగా వచ్చి నిలబడితే గాని తల ఎత్తలేదు. గాలి వాటం అటు లేదు కాబట్టి వాసన తెలియలేదేమో అనుకున్నాను. చప్పుడు సంగతి నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

సాయంత్రం మా ఆయన మీట ఎవరు వేశారని అడిగితే అత్తమ్మ నేల చూస్తూ, "నేనైతే ఎయ్యలే. కోడలే ఏసి గిర్నికి పొయ్యిందేమో" అన్నది. మోటరు విప్పడానికి వచ్చిన పక్కింటి మెకానిక్ భాయ్ ముందే మా ఆయన నన్ను చెడామడా తిట్టాడు. అతను మాత్రం బోల్టు విప్పుకుంటూ, "పోనీ భాయ్, మోటరే గదా కాలింది, మనిషికి ఏం కాలే గదా. కొత్త తీగ సుట్టి మల్ల నడిపిస్త" అని సర్దిచెప్పాడు. అది బాగై వచ్చేదాకా పది రోజులు చేదతోనే తోడుకున్నాం. తాడుకు ఒక వైపు నేను, ఇంకో వైపు అత్తమ్మ. పిలవకుండానే వచ్చి తాడు పట్టుకునేది, నా మొహం మాత్రం చూసేది కాదు.

మోటరు మళ్లీ బిగించిన వారానికనుకుంటా, పొద్దున ఎసట్లో ఎన్ని బియ్యం పోయాలో అడుగుదామని పెరట్లోకి వెళ్లాను. మోటరు నడుస్తున్నది. అత్తమ్మ వంగి, పైపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. వెనక నుంచి పిలిచాను, పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను, అయినా పలకలేదు. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆమె నా మీద పెత్తనం చెయ్యలేదు, నా చెవులు అడుక్కుంది.

జాలి కంటే ముందు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పేయొచ్చు. చెప్పలేదు. నా మంచితనం ఏమీ కాదు. చెప్పినా నమ్ముతాడో లేదో, మళ్లీ ఒక గొడవ, దాన్ని మోసే ఓపిక నాకు లేదు.

ఆ ఏడే మా ఊళ్లోనే బాల్వాడీలో టీచరుగా రమ్మని నాకు పిలుపొచ్చింది. ఏడో తరగతి దాకా చదువుకున్న నాకు అది ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను. నువ్వు పోతే ఇంట్లో మోటరు ఎవరు చూస్తారని మా ఆయన అడ్డు చెప్పాడు. మా ఆయన మొహమే చూస్తున్న అత్తమ్మ, "పోనియ్యిరా. మోటరు నేను సూస్త, పోరన్ని గూడ సూస్త" అన్నది. వినబడని మనిషి మోటరునూ బిడ్డనూ ఎలా చూస్తుంది? పొమ్మంటే ఒక బాధ, పోవద్దంటే ఒక బాధ.

మర్నాడు బండ మీద ఆమెకు ఎదురుగా కూర్చుని, నీకు వినబడుతుందా అత్తమ్మా అని నేరుగా అడిగాను. నా పెదాలు చూసి, బావి దిక్కు చూసి, "ఎడమ చెవు మొత్తం పొయ్యింది. కుడిది జర జర" అన్నది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వలికి జెప్పకు బిడ్డా. తెలిస్తే నన్ను మూలకు కూసోబెడ్తరు. మోటరు కాలిన దినం గూడ గదే భయమైంది" అన్నది. తప్పయిందని అనలేదు. నేనూ అడగలేదు.

పక్కింటి భాయ్‌ని పిలిచి, మోటరు నడిచినంతసేపు వెలిగేటట్టు ఒక బల్బు కావాలన్నాను. "ఏడ పెట్టాలె భాభీ?" అని అడిగితే అత్తమ్మ కూర్చునే బండకు ఎదురు గోడ చూపించాను. అతను గోడను చూశాడు, బండను చూశాడు, ఇంకేమీ అడగలేదు. సాయంత్రం మా ఆయన ఇదెందుకంటే, "పంపుస్టవ్వు చప్పుడుల భాభీకి మోటరు ఇనబడ్తలేదట" అని తనే జవాబిచ్చాడు. బల్బు మొదటిసారి వెలిగినప్పుడు అత్తమ్మ నా దిక్కు చూసి, "ఇది నీకే గదా?" అని నవ్వింది. నేను ఈ ఇంటికొచ్చాక ఆమె నన్ను చూసి నవ్వింది అదే మొదటిసారి.

అలా ఏళ్లు గడిచాయి. మోటరు నడుస్తుందని బల్బు చెప్పేది, నీళ్లున్నాయో లేదో ఆమె అరచేతికి తెలిసేది. నీళ్లు లాగుతుంటే పైపు చల్లగా వణుకుతుందట, తప్పితే ఆ వణుకు మారుతుందట. నాకు మాత్రం నిమ్మళం లేదు. బాల్వాడీలో పిల్లలకు ఆటపాటలు చెబుతున్నా నా చెవి ఇంట్లోనే ఉండేది. మధ్యాహ్నం తిరిగొచ్చి గడపలోంచే ముందు ఆ గోడ వైపు చూసేదాన్ని, ఆ తర్వాతే బిడ్డ మొహం. ఆ అలసట పనిది కాదు, మనసు రెండు చోట్ల పెట్టుకుని బతకడానిది.

తొంభైలలో ఒక ఆదివారం సిర్గాపూర్ నుంచి మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, వచ్చింది. అందరం ఇంట్లోనే ఉన్నాం. బల్బు ఎప్పుడు మాడిపోయిందో ఎవరమూ గమనించలేదు. అత్తమ్మ ఆ పూట మీట వేసి, బల్బు వెలగకపోయేసరికి కరెంటు లేదనుకుని వచ్చి బండ మీద కూర్చుంది. లోపలున్న మా వదినెకు చప్పుడులో తేడా తెలిసి, "అమ్మా, మోటరు బంద్ జెయ్యి" అని నాలుగైదుసార్లు అరిచి, చివరికి పెరట్లోకి వచ్చి, "ఏందమ్మా, చెవుడా నీకు?" అని విసుక్కుంది. మా ఆయన కూడా బయటికొచ్చాడు. నేను పరుగెత్తి మీట ఆపి, స్టవ్వు చప్పుడు వదినె, నాదే పొరపాటు అని ఏదో అనబోయాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఔ, నాకు ఇనబడది. ఇయ్యాల్టి ముచ్చట గాదు, మస్తు ఏండ్లాయె. అప్పుడు మోటరు కాలింది నాతోనే. నేను కోడలి మీద ఏసిన. అది తెలిసి గూడ ఒక్క మాట అనలే."

మా ఆయన గోడ దగ్గరికి పోయి బల్బు తీసి, చెవి దగ్గర ఆడించి చూసి, బజారుకు పోయి కొత్తది తెచ్చి పెట్టాడు. అంతే. ఆనాడు భాయ్ ముందు తిట్టిన తిట్ల గురించి ఒక్క మాట అంటాడేమోనని ఆ రోజంతా చూశాను. ఆ తర్వాత కూడా చాలాకాలం చూశాను. తను పోయేదాకా అనలేదు.

అత్తమ్మ భయపడిందే జరిగింది. ఆమె క్షేమం కోసమే అంటూ మీట ముందుగదిలోకి మార్చారు. ఆమెతో మాట్లాడేదల్లా కేకలుగా మారి, కేకలు వేయలేక మాటలే తగ్గిపోయాయి. అయినా పొద్దున ఎండ పడగానే పోయి ఆ బండ మీదే కూర్చునేది. నేను బాల్వాడీ నుంచి వచ్చి, అన్నం తినకముందే కాసేపు ఆమె పక్కన చతికిలపడేదాన్ని. మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు. బావిలోకి వంగి చూసి, నీళ్లు ఇంత ఉన్నాయని నేను చేత్తో కొలత చూపిస్తే, చాలులే అన్నట్టు తల ఊపేది. ఆమె పోయిన రెండేళ్లకు బోరు వేయించి, బావి మీద బండలు పరిచేశారు.

ఇప్పుడు నీళ్లకు ఇబ్బంది లేదు. ఏ గదిలో నల్లా తిప్పినా వస్తాయి, ఎంత లోతు నుంచి వస్తున్నాయో మాకెవరికీ తెలియదు. మా కోడలు మంచి పిల్ల, ఉద్యోగం చేసుకుని అలసిపోయి వస్తుంది, నేనూ నా గదిలో అలసిపోయే ఉంటాను. ఒకరినొకరం ఎప్పుడూ ఒక మాట అనుకున్నది లేదు. మా అత్తమ్మకు వినబడదని నాకు తెలియడానికి నాలుగైదేళ్లు పట్టింది, అదీ రోజూ ఒకే పెరట్లో, ఒకే నీళ్ల కోసం పడిగాపులు కాశాం కాబట్టి. ఇప్పుడు ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకచోట నిలబడి చూడాల్సిన పని ఒక్కటీ మిగల్లేదు.