కమలత్తకు నేను పెట్టిన తిథి

మా మేనత్త కమలమ్మను ఒకసారి నేనే చంపేశాను. కంగారు పడకండి. ఆమె పక్కగదిలోనే ఉంది, వీడేం రాస్తున్నాడా అని ఇటే అనుమానంగా చూస్తోంది.

అత్త ఇంగ్లండులో నర్సుగా పనిచేసి, ఆ దేశపు పౌరురాలై, రిటైరయ్యాక కర్ణాటకలోని చింతామణికి, మా ఇంటికి వచ్చేసింది. అక్కడి పెన్షను నెలనెలా ఇక్కడి బ్యాంకులో పడేది. మందులూ డాక్టర్లూ అన్నీ దాంతోనే. ఒకరి ముందు చెయ్యి చాచని మనిషి.

నాది బస్టాండు దగ్గర మొబైల్ అంగడి. ఫోన్ మోసాల గురించి వీధంతటికీ బుద్ధులు చెప్పే పెద్దమనిషిని. ఓటీపీ అడిగితే కన్నతల్లినైనా నమ్మను. కొంప ముంచింది ఈ తెలివే.

ఒకరోజు అత్త పెరట్లో కూర్చుని పితికిపప్పు కూరకు నానబెట్టిన అనపగింజల తొక్కలు పితుకుతోంది. ఆమె ఫోను మోగితే నేనెత్తాను. ఎవరో ఆవిడ, దొరల ఇంగ్లీషు. పెన్షను ఆఫీసట, కమల గారు క్షేమమేనా అని కనుక్కుంటున్నారట, ఆమె పుట్టిన తేదీ చెప్పాలట. తేదీ అనేసరికి దొంగ దొరికిందనుకున్నాను.

"ఎవురురా శీనా?" అని అత్త అడిగింది.

"ఎవరో దొంగలు. నువ్వు గమ్మునుండత్తా" అని, ఫోన్లో గొంతు బొంగురు చేసుకున్నాను. "ఆమె పోయిన మంగళవారం చనిపోయారు మేడం. రేపే పదకొండో రోజు తిథి. వడలూ పాయసం ఉంటాయి, మీరూ రండి."

ఆవిడ మెత్తగా సానుభూతి చెప్పి, రాసుకుంటానంది. ఈ కాలపు దొంగలకు ఎంత మర్యాదో అనుకుంటూ, ఆ పూట పితికిపప్పుతో ముద్ద ఇంకోటి ఎక్కువే మింగాను.

తర్వాతి నెల పెన్షను పడలేదు. అత్త దగ్గరున్న కాగితాల్లోని నంబరుకు ఫోన్ చేశాను. అదే గొంతు.

"కమల గారు చనిపోయారు కదండీ?"

"లేదు మేడం, బతికే ఉన్నారు."

"చనిపోయారని చెప్పిందెవరు?"

"నేనే."

"బతికున్నారని చెబుతున్నది?"

"అదీ నేనే."

"మరి ఆ తిథి ఎవరికి పెట్టారు?" అంది ఆవిడ. అనుమానించడం నాకొక్కడికే వచ్చనుకున్నాను చూడండి.

అత్త బతికే ఉందన్న కాగితం మీద లాయరు సంతకం కావాలన్నారని ఆమెను చిక్కబళ్ళాపురానికి తీసుకెళ్ళాను. ఆయన అత్తనూ ఆమె పాస్‌పోర్టునూ మార్చిమార్చి చూసి, నన్ను బయట నిలబెట్టాడు. చావు అబద్ధమైతే ఆయుష్షు పెరుగుతుందిలే అని బస్సులో అత్తను ఓదార్చబోయాను.

"ఆయుష్షు పెంచినావు సరే. అన్నాళ్ళూ మింగే మాత్రలకి దుడ్లు యాడ తెచ్చేదిరా?" అంది.

చివరికి వీడియో కాల్. అత్త పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆవిడ చాలా అడిగి, తృప్తిపడి, పెన్షను మళ్ళీ వస్తుందని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆవిడ, "ఇకమీదట మీరు ఫోన్ ఎత్తకపోతే మీ మేనల్లుడితో మాట్లాడవచ్చా?" అని అడిగింది.

అత్త నా వైపు చూసి, చక్కటి ఇంగ్లీషులో జవాబిచ్చింది. "వీలు కాదమ్మా. ఆ అబ్బాయి పోయిన మంగళవారం చనిపోయాడు."

అనపగింజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా నోటితో ఎవరినీ చంపను. నిజంగా పోయినవాళ్ళ కోసం ఫోన్ వచ్చినా సరే, "ఉండండి, పిలుస్తా" అనే అంటాను.