హద్దులో ఉన్న అంకె

మొన్న మా అమ్మాయి బీఎస్సీ పుస్తకంలో ఒక బొమ్మ చూశాను. ఎముకల మూలుగలో పుట్టిన కణాలు రొమ్ము ఎముక వెనకనున్న థైమస్ అనే చిన్న గ్రంథికి చేరడం, అక్కడ ఒక సంకేతం అందుకుని రోగాలతో పోరాడే టీ-కణాలుగా మారడం, ఇంకొక సంకేతంతో బతికి పెరగడం, ఏదీ అందనివి అక్కడే రాలిపోవడం, అన్నీ బాణం గుర్తులతో వేసి ఉన్నాయి. ఆ చివరి బాణం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

తొంభైల మధ్యలో నేను చోడవరం దగ్గర చెరకు కాటా గుమస్తాని. చదువు ఎనిమిదితో ఆగినా, నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసి నోటితోనే చెప్పేసేవాణ్ణి కాబట్టి, అంకెలున్న కాగితం ఏదొచ్చినా మా వాళ్లు ముందు నా చేతిలోనే పెట్టేవారు.

అప్పుడు మా చెల్లి కొడుక్కి ఐదో నెల. నోట్లో తెల్లపూత తగ్గదు, దగ్గు పోదు, మందు ఆపితే మళ్లీ జ్వరం. చెల్లి రక్తపరీక్ష కాగితం తెచ్చి, "నువ్వు సూసి సెప్పన్నయ్యా, వైజాగ్ ఎళ్లాలేటి?" అంది. చెల్లి అత్తగారు పక్కనుంచి, "ఇదేటి సెరుకు బండా, తూకమేసి సెప్పీడానికి" అని నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. ఒక్కొక్క వరసనూ పక్కన అచ్చువేసిన హద్దుతో సరిచూశాను. లింఫోసైట్లు, అంటే టీ-కణాలు కూడా లెక్కలోకొచ్చే తెల్లకణాలు, నూటికి ఇరవై ఒకటి. హద్దు ఇరవై నుంచి నలభై. అన్నీ సరిగానే ఉన్నాయి, వైజాగ్ అక్కర్లేదన్నాను. నా మాట మీద వాళ్లు మూడు వారాలు ఆగారు.

నాలుగో వారం ఊపిరి అందక వైజాగ్ తీసుకెళ్తే, డాక్టరుగారు అదే కాగితం చూసి, ఆ హద్దు పెద్దవాళ్లదని, ఈ వయసులో అరవైకి దగ్గరగా ఉండాలని, ఎక్స్‌రేలో థైమస్ నీడే కనబడడం లేదని, అంటే రోగాలతో పోరాడే కణాలే తయారవడం లేదని మెల్లగా చెప్పారు. ముందే వచ్చుంటే, అని పిల్లవాడి తండ్రి, మా బావ అడిగాడు. బతికేవాడని చెప్పలేను గానీ ప్రయత్నించడానికి కొంత వ్యవధి ఉండేదన్నారాయన. తొమ్మిదో రోజున పిల్లవాడు పోయాడు.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో వయసును బట్టి హద్దులు వేస్తున్నారు. మూలుగ మార్పిడితో ఇలాంటి పిల్లల్ని బతికించుకుంటున్నారని మా అమ్మాయి చెబుతోంది. విని సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. చెల్లి మాత్రం ఇన్నేళ్లలో ఆ మూడు వారాల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. తన షుగరు రిపోర్టు వస్తే ఈనాటికీ ముందు నాకే తెచ్చి ఇస్తుంది. నేను విప్పకుండానే, డాక్టరుగారికి చూపించమని తిరిగి ఇచ్చేస్తాను. తీసుకుని కొంగున ముడేసుకుంటుంది.