ఎదుటివాళ్ళ మాట ముందు చెప్పిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన బుధవారం గిద్దలూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఫోన్‌లో ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. రాచర్ల దగ్గర మా పల్లెలో ఇక తగువులకు అడ్డం నిలబడేదెవరు?

ఆమె కూలికి పోయే మనిషి, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరితో తగువొచ్చినా ముందు వాళ్ళ మాట నువ్వు చెప్పాలి, వాళ్ళు ఔనన్నాకే నీ మాట అనేది. అత్తాకోడళ్ళ పోట్లాటైనా అంతే. చిన్నప్పుడు నాకు ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. "తెలుసుకోకుండా తిడితే నోటి నొప్పే మిగిలేది" అని నవ్వేది.

వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. "ఎండ అందరికీ ఒకటే అంటారు గానీ, ముందు కాలేది బోరు లేనోళ్ళే" అనేది పెద్దమ్మ. మా పల్లె మొత్తానికి మంచినీళ్ళ బోరు ఒక్కటే, అదీ ఆగి ఆగి పోసేది. దాని పక్క చేలో బత్తాయి తోటున్న రైతు, ఇంకా లోతుకు బోరు వేయాలని రిగ్గు లారీ తెప్పించాడు. అది పడితే మా బోరు ఎండిపోతుందని మా మగవాళ్ళు లారీకి అడ్డం కూర్చున్నారు. ఒకరిద్దరి చేతుల్లో రాళ్ళున్నాయి.

పెద్దమ్మ వచ్చి ముందు ఆయన మాట వినమంది. మావాళ్ళు ఆమె మీదే విరుచుకుపడ్డారు, అమ్ముడుపోయిందని కూడా అన్నారు. ఆమె మొహం నల్లబడింది గానీ కదల్లేదు. ఆయన మాట తనే మొదలుపెట్టింది: వాళ్ళ నాయన నాటిన చెట్లు, కాపుకొచ్చినవి కళ్ళముందే ఎండుతుంటే ఇంట్లో ఎవరికీ తిండి సయించకపోవడం. ఆయన తలూపాడు.

"ఇప్పుడు మా మాట నువ్వు చెప్పు నాయనా."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ బోరు ఎండితే... మా ఇంటికొచ్చి నీళ్ళడుగుతారు అక్కా."

"అడగము. చర్చికి తాళమేసి, ఊరిడిసి పోతాము."

కాసేపటికి ఆయనే లారీని వెనక్కి పొమ్మన్నాడు. ఆ ఎండాకాలం మా బోరు నిలిచింది, ఆయన తోట సగం ఎండింది. మావాళ్ళు సంబరపడుతుంటే పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మొన్న ఆమె శవపెట్టెను ఆ తోట పక్కనుంచే మోసుకుపోయాం. గట్టు మీద ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంక రిగ్గు తెప్పిస్తాడు చూడు. అందుకే వచ్చినాడు" అన్నాడు మావాళ్ళలో ఒకడు. కాదని ఆయన తరఫున చెప్పగల మనిషి మా భుజాల మీద పెట్టెలో ఉంది. నాకూ నోరు రాలేదు. గట్టు దిగాలా వద్దా తెలియక, ఆయన ఒక కాలు ముందుకు పెట్టి అట్లాగే ఆగిపోయాడు.