స్వప్న హాల్ టికెట్‌కు మీసాలు

2011 సెప్టెంబరులో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సంస్థలో పరీక్షల విభాగం కంప్యూటర్లకు ఇన్‌ఛార్జిని. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడిన మా స్కాలర్‌షిప్ పరీక్ష మర్నాడే.

హాల్ టికెట్ల సాఫ్ట్‌వేరు ఫోటోలను ఒకే ఫోల్డరులో వెతుకుతుంది. ఎల్బీనగర్ బ్రాంచి పెన్‌డ్రైవ్‌లో పంపినవేమో ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరో ఫోల్డరు. అట్టడుగున సెక్షన్‌కొకటి. ప్రతి సెక్షన్‌లోనూ ఫోటోల పేర్లు ఒకటో నంబరుతోనే మొదలు. అలాగే పైకి తెస్తే ఒకదాన్ని చెరిపి ఇంకొకటి కూర్చుంటుంది. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని ముందురోజే చెప్పాను. బస్సుల్లేక సైదాబాద్‌లోని ఇంటి నుంచి నడిచి వెళ్లేసరికి పని అయిపోయింది, ప్రింట్లు పంచుతున్నారు.

"మూవ్ కమాండు కొట్టిన మేడం," అన్నాడు ఆపరేటర్ మల్లేశ్. "పాతదాని మీద రాయాల్నా అని ఒక్కొక్క ఫోటోకు ఆగి అడుగుతుండె. ఎన్నిసార్లని ఎస్ కొట్టాలె? అన్నిటికి ఒక్కసారె ఆల్ కొట్టిన."

"కరెంటు పోయేలోపు అవ్వాలి కదండీ, నేనే కొట్టమన్నాను," అన్నారు మేనేజరు రావుగారు. గుంటూరు ఆయన, ఎప్పుడూ తొందరే.

అప్పుడే తుర్కయంజాల్ నుంచి తండ్రి స్కూటరు మీద వచ్చిన ఎల్బీనగర్ బ్రాంచి విద్యార్థిని స్వప్న తన హాల్ టికెట్ నా ముందు పెట్టింది. "మేడం, నాకు గీ మీసాలేంది?"

తండ్రి నవ్వలేదు. "గిట్లయితె రేపు పిల్లను లోపలికి రానిస్తరా? స్కాలర్‌షిప్ రాకుంటె ఈడ చదివించుడు నాతోని కాదు."

"పెన్నుతో సరిచేసి సంతకం పెట్టేద్దామండీ," అన్నారు రావుగారు.

"మీసాలనా?" అన్నాను.

మూవ్ చేయడంతో పెన్‌డ్రైవ్‌లో అసలు ఫోటోలు మిగల్లేదు. ఎల్బీనగర్ కంప్యూటర్లోనే ఉండాలి. స్వప్న తండ్రి నన్ను స్కూటరు మీద తీసుకెళ్లాడు. చౌరస్తాలో రాస్తారోకో, అక్కడ దిగి మిగతా దూరం నడిచాను.

ఫోటోలు ఉన్నాయి. ముందు అన్ని ఫోల్డర్లలోని ఫోటోలూ లెక్కపెట్టాను. తర్వాత ఒక్కో సెక్షన్‌లోకి వెళ్లి, కాపీ కమాండుతో, ప్రతి పేరు ముందు సెక్షన్ అక్షరం చేర్చి పై ఫోల్డరులోకి తెచ్చాను. అభ్యర్థుల పట్టికలోనూ ఫోటోలకు అవే పేర్లు పెట్టాను. మళ్లీ లెక్కపెడితే సరిపోయింది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెనక్కి వచ్చి టికెట్లు మళ్లీ ప్రింటు తీయించాను.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో స్వప్న కొత్త టికెట్ అందుకుని తండ్రికి చూపించింది. "గిది నేనే నాయినా."

ఆ మర్నాటి నుంచి మా విభాగంలో ముందు కాపీ, లెక్క సరిపోయాకే పాతవి తీసేయడం. యంత్రం పదేపదే ఆగి అడుగుతుంటే కీబోర్డు మీది నుంచి చేయి తీసి, ఎందుకు అడుగుతోందో చూడాలి.