మస్తాన్ అన్న వేలిముద్ర

ఏడేళ్లుగా ఒక వేలిముద్రను మోస్తున్నాను. నాది కాదు, మస్తాన్ అన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఒమన్‌లో జెబెల్ అఖ్దర్ కొండ మీద ఆపిల్ తోటలో మా కంపెనీ కొత్త పురుగుమందును పరీక్షించేది. పేనుబంక ముదరకముందే, మొగ్గలు గులాబీ రంగులో బిగిసి ఉండగానే కొట్టాలి. పూలు విచ్చాక కొట్టకూడదు, తేనెటీగలు చస్తాయి. నోట్‌బుక్ రాయడం నా డ్యూటీ. మందు కొట్టడం కడప మస్తాన్ అన్న డ్యూటీ. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చదువు రాదు. మొగ్గను చూసి ఎప్పుడు విచ్చుకుంటుందో మాత్రం చెప్పేవాడు.

ఆ సంవత్సరం రెండు రోజులు ఒకటే గాలి. మందు కొట్టలేకపోయాం. మూడో రోజుకు చెట్ల నిండా పూలు. పరీక్ష పాడైతే నా ఉద్యోగం పోతుందని భయం. నిజంగా పోయేదా? ఎవరినీ అడగనైనా లేదు.

"పూలు ఇచ్చుకున్యాయి నాయనా, ఈగలు వాల్తాండాయి. ఈ పొద్దు వద్దు."

"నేను చూసుకుంటానన్నా. కొట్టు."

కొట్టాడు. నేను మొన్నటి తేదీ వేసి 'మొగ్గ దశ' అని రాశాను. కింద కొట్టినవాడి గుర్తు ఉండాలి.

"పూలు ఇచ్చుకున్యాయని రాసినావా?"

"రాశానన్నా."

ఇంకో మాట అడగకుండా వేలిముద్ర వేశాడు.

మర్నాడు పక్క తోట ముసలాయన చచ్చిన తేనెటీగలను దోసిట్లో తెచ్చి మా మేనేజర్ బల్ల మీద పోశాడు. తను పెంచే తేనెటీగల గూళ్లన్నీ ఖాళీ అయ్యాయట. మస్తాన్ అన్న జరిగింది జరిగినట్టు ఉర్దూలో చెప్పాడు. మేనేజర్ నోట్‌బుక్ తెరిచి, తేదీ చదివి, వేలిముద్ర చూపించాడు. పని ఎగ్గొట్టి, తర్వాత కొట్టి, ముందే కొట్టానని రాయించావన్నాడు. అవునా అన్నట్టు నా వైపు తిరిగాడు.

తలూపాను.

మస్తాన్ అన్న నన్ను చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో, లేక ఆ తిట్టునే సాకుగా పట్టుకుని అతనిదీ తప్పుందని నన్ను నేను నమ్మించుకునేవాణ్ణేమో, నాలాంటి పిరికివాడు ఎంతకైనా తెగిస్తాడు. ఆ వారమే అతన్ని ఇంటికి పంపేశారు. వెళ్లే రోజు కూడా మందు ట్యాంకు శుభ్రంగా కడిగి, బోర్లించి వెళ్లాడు.

నంబర్ నా దగ్గరే ఉంది. నొక్కుతాను. మోగకముందే కట్ చేస్తాను. ఎత్తితే ఏమంటాను? భయమేసిందన్నా అనా? అతనికీ భయం ఉండే ఉంటుంది కదా, అయినా వద్దన్నాడు కదా!

క్షమించమని అడగడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు. ఆ రోజు నోట్‌బుక్‌లో రాయాల్సింది ఇక్కడైనా రాస్తే కాస్త ఊపిరాడుతుందేమోనని.

పూలు విచ్చుకున్నాయి. మస్తాన్ అన్న వద్దన్నాడు. కొట్టించింది నేను.