అడవికి కట్టెలు ఎత్తుకెళ్ళే నికిఫోర్

లోకంలో ఎవరైనా అడవిలోంచి కట్టెలు దొంగిలించి ఇంటికి తెచ్చుకుంటారు. కార్పతియన్ కొండల నడుమ పోయానా ఊళ్ళో నికిఫోర్ మాత్రం ఇళ్ళలోంచి కట్టెలు దొంగిలించి అడవిలో పెట్టి వచ్చేవాడు.

అందులోనూ మంచి కట్టెను వేలితో కూడా తాకడు. పుచ్చిపోయి, నాచుపట్టి, పుట్టగొడుగులు మొలిచి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోయే దుంగ కనబడిందా, ఇక ఆయన కాలు అక్కణ్ణుంచి కదలదు.

ఈ సంగతి పరస్కివకు తెలిసివచ్చింది నేల మీద కూలబడ్డ రోజున. ఊరి చివర, బోడికొండ కింద ఒంటరిగా ఉండే మనిషి. పొద్దున్నే ఆవు పాలు పితికి, చెంబు పట్టుకుని, ఎప్పటిలాగే వాకిట్లో బల్ల మీద కూర్చోబోయింది. బల్ల లేదు. పాలన్నీ ఒళ్ళో పోసుకుని, నోరు తెరుచుకుని చూస్తే, బల్ల దారి వెంబడి నడిచి వెళ్తోంది. దాని కింద నికిఫోర్ కాళ్ళున్నాయి.

"నికిఫోర్, అది నా బల్ల."

"నీదే వదినా, కాదనలేదు. కానీ దీంట్లో బోలెడు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి."

"ఎవరి కుటుంబాలు?"

"కొమ్ముల పురుగులు, చీమలు, ఒక జెర్రి. పొయ్యిలో పెట్టావంటే ఎంతమంది ఉసురు తగులుతుందో."

"పొయ్యిలో ఎందుకు పెడతాను? కూర్చోవడానికి పెట్టుకున్నాను."

"నువ్వు కూర్చుంటే వాళ్ళకి మరీ కష్టం," అని ఆయన కొండమలుపు తిరిగిపోయాడు.

మర్నాడు అదే చోట కొత్త బల్ల వెలిసింది, నున్నగా చిత్రిక పట్టినది. దానిమీద కూర్చుంటే నడుం పట్టేస్తోందని పరస్కివ ఊరంతా తిరిగి చెప్పింది.

తర్వాత పందుల తొట్టి పోయింది. ఆపైన దడి గుంజలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చర్చిలో ఫాదర్ ఎఫ్తిమి దొంగతనం ఎంత పాపమో కళ్ళనీళ్ళు పెట్టుకుని బోధించి, గంభీరంగా బయటికి అడుగు వేస్తే అక్కడ మెట్టు లేదు. ఆ వారమంతా ఆయన ఒంటికాలి మీదే దీవెనలిచ్చాడు.

చివరికి పరస్కివ కుక్కగూడు కూడా పోయింది. ఆ సమయానికి కుక్క అందులోనే నిద్రపోతోంది. సాయంత్రానికి అది ఒంటరిగా తిరిగొచ్చి, ఇల్లున్న చోటుని వాసన చూసి, పరస్కివ ముఖంలోకి చూసింది. ఇక ఆమె ఆగలేదు. కొంగు బిగించి పోలీసు దనీల దగ్గరికి నడిచింది.

"ఏం పోయింది పిన్నీ?"

"కుక్కగూడు."

"మరి కుక్క?"

"కుక్క వచ్చేసింది. గూడే రాలేదు."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానమెందుకు? వాడు గూడు నెత్తిన పెట్టుకుని పోతూ నన్ను కుశలం కూడా అడిగాడు."

దనీల నికిఫోర్‌ని పిలిపించాడు. "బాబాయ్, పుచ్చిన కట్టెతో నీకేం పని?"

అంతే, నికిఫోర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడు దనీలా, నిలబడ్డ చెట్టు కంటే పడిపోయిన చెట్టుకే చుట్టాలెక్కువ. పురుగు తొలుస్తుంది, ఆ పురుగు కోసం వడ్రంగిపిట్ట వస్తుంది. కుళ్ళిన దుంగ వాననీళ్ళు తాగి దాచుకుంటుంది. ఎండల్లో చంటిమొక్క ఆ తడి మీదే బతుకుతుంది. దాని వేళ్ళకి బూజు దారాలు చుట్టుకుని మన్నులో సత్తువంతా అందిస్తాయి. ఆ వేళ్ళు కొండని పట్టుకుంటాయి. అడవంతా ఊడ్చి శుభ్రం చేస్తే ఇక..."

"నేనడిగింది కుక్కగూడు సంగతి."

"అదే చెప్తున్నా. మంచి గూడు. బాగా కుళ్ళింది."

దనీల తల పట్టుకుని ఇద్దరినీ ఇంటికి పంపేశాడు.

ఆ జూన్‌లో వాన పట్టుకుంది. తెరిపి లేదు. ఒక ఉదయం, పరస్కివ మొక్కజొన్న సంకటి కలుపుతుంటే, బోలెడు బళ్ళు ఒక్కసారి బోర్లాపడ్డట్టు చప్పుడైంది. పక్క కొండ జారింది. చెట్లన్నీ కొట్టేసిన కొండ అది. బురద దిగి కలప కోసే మిల్లు ఆవరణ నింపేసి, దారి మింగేసింది. మిల్లులో వాళ్ళు అటక ఎక్కి బతికారు.

పరస్కివ చేతిలో తెడ్డు అలాగే ఉండిపోయింది. ఆమె ఇంటి మీది కొండా బోడిదే. భర్త ఇరిమియె, పోయే ముందటి ఏడాది, కొత్త రేకుల కప్పు కోసం పైనున్న బీచ్ చెట్లన్నీ అమ్మేశాడు. మోకాళ్ళ నొప్పులతో ఆమె తర్వాత పైకి ఎక్కిందే లేదు. కింద నుంచి చూస్తే ముళ్ళపొదలు తప్ప ఏమీ కనబడవు.

దనీల తొడల దాకా బురదతో పరిగెత్తుకొచ్చాడు. "పిన్నీ, అన్నీ వదిలేసి బయటికి రా."

ఇద్దరూ కుక్కని తీసుకుని అవతలి గట్టెక్కి చూస్తూ నిలబడ్డారు. కొండ రాలేదు. చాలాసేపు చూశారు, అయినా రాలేదు. పెరట్లోకి పలచటి టీ రంగు నీళ్ళు మాత్రం నెమ్మదిగా పారుతున్నాయి.

వాన తగ్గాక, దనీల చెయ్యి పట్టుకుని ఆమె పొదలు తప్పించుకుంటూ పైకెక్కింది. ఎక్కి చూసింది.

కొండకి అడ్డంగా వరసల మీద వరసలు. ఒకచోట తన బల్ల, దాని పక్కనే పందుల తొట్టి, పైవరసలో దడి గుంజలు, చర్చి మెట్టు. అన్నీ విల్లో చెట్టు పచ్చికొమ్మలు చెక్కిన మేకులతో నేలకి దిగ్గొట్టి ఉన్నాయి. ఆ మేకులు కూడా చిగురేశాయి. ప్రతి దుంగ వెనకా మోకాలెత్తు బురద ఆగి ఉంది. పాత దుంగల మీద, నాచులోంచి, జానెడు స్ప్రూస్ మొక్కలు లేచాయి. కుక్కగూడు పక్కన, వానకి ముద్దగా తడిసి, సుత్తి పట్టుకుని నికిఫోర్ కూర్చున్నాడు. ముందు రోజు నుంచీ అక్కడే ఉండి, ఊడిన మేకు ఊడినట్టు కొడుతున్నాడు.

పరస్కివ వంగి తన పాత బల్లని చేత్తో తడిమి చూసింది. "ఈ మాట ముందే నాతో చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ప్రతి వానకీ నిద్ర మానుకుని కూర్చుంటావు వదినా."

"కూర్చుంటే కూర్చునేదాన్ని."

"పైగా చెట్లు కొట్టించింది ఇరిమియె. వాడు నా చిన్ననాటి స్నేహితుడు. పోయినవాణ్ణి నువ్వు రోజూ తిడుతుంటే నాకు బాగుండదు."

"అందుకని నువ్వు తిట్లు తిన్నావా?"

"ఇంత ఎత్తుకి నీ తిట్లు వినబడవులే."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, "సంకటి చల్లారిపోతోంది. జున్ను కూడా ఉంది. దిగు," అంది.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం, దనీల దారిన పోతుంటే ఎదురుగా పెద్ద దుంగ ఒకటి వస్తోంది. ముందు కొన నికిఫోర్ భుజం మీద ఉంది. వెనక కొన పరస్కివ మోస్తోంది.

"ఎక్కడిది పిన్నీ ఆ దుంగ?"

"నీ గొర్రెల దొడ్డిది. బాగా పుచ్చింది," అంది పరస్కివ రొప్పుతూ. "గుడ్లప్పగించి చూస్తావేం నాయనా, మధ్యలో భుజం పెట్టు."

దనీల అటూ ఇటూ చూశాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, భుజం పెట్టాడు.