దేవదానం సారు విప్పమన్న ముక్క

పొద్దున మా ప్రయోగశాలలో ఎవరో మైనం కరిగిస్తున్నారు. ఆ వెచ్చటి వాసన తగలగానే చేతిలోని కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి; నేను మాత్రం ఆదోనిలో, దూది నూగు తేలుతున్న ఒక మధ్యాహ్నంలోకి వెళ్లిపోయాను. అది దేవదానం సారు ఇంటి వరండా. పక్కనే జిన్నింగు మిల్లు. పత్తి రోజుల్లో ఆ వీధిలో గాలికి కూడా కునుకు పడుతుంది. నూగు పైకి పోదు, కిందికీ రాదు. సారు టీ గ్లాసు మీద అరచెయ్యి కప్పుకుని, గుటకకొకసారి తీసి, మళ్లీ కప్పుకునేవారు.

సారు నాకు పరిశోధన నేర్పినవారు. కోడుమూరు దగ్గర కూలి చేసుకునే ఇంట పుట్టి, హైదరాబాదులో లేజర్ల మధ్య తల నెరిసి, రిటైరయ్యాక ఆదోని చేరారు. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మేం చేసే పని ఏమిటంటే, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండని మెరుపులతో సిలికాన్ పలక మీద వెంట్రుక కన్నా సన్నటి గాడి చెక్కడం. పైకి గాడి నున్నగానే ఉంటుంది. కానీ కరిగి గడ్డకట్టిన చోట, పలక లోపల కొంత బిగువు మిగిలిపోతుంది. ఎప్పుడో ఎవరూ ముట్టుకోకుండానే పలక అక్కడ పగులుతుంది. ఆ బిగువు ఎక్కడ ఎంత ఉందో రంగుల పటంగా తీయడమే నా థీసిస్; బిగువున్న చోటల్లా ఎరుపు. హైదరాబాదులో ఆయన దగ్గర చేరిన కొత్తలో సారు నన్ను చీకటి గదిలో, ఆకుపచ్చ వెలుగు ముందు కూర్చోబెట్టి, “ఊరికే సూడమ్మా. ఏం రాసుకోవద్దు. నిద్రొస్తే కుర్చీలోనే పో, పలక మీద మాత్రం పడొద్దు” అనేవారు. నేను నిజంగానే నిద్రపోయేదాన్ని. లేచేసరికి ఆయన ఇంకా చూస్తూనే ఉండేవారు.

పటాలన్నీ పూర్తయ్యాక, థీసిస్ ఇచ్చేముందు ఒకసారి సారుకు చూపిద్దామని ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి ఆదోని వెళ్లాను. ఒక ఉద్యోగం నాకోసం ఆగి ఉంది. థీసిస్ ఇస్తేనే ఆ ఉద్యోగం; ఆ ఉద్యోగం వస్తేనే మా అమ్మ, కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంటలోంచి పైకి వచ్చేది. ఆమె నడుము అప్పటికే మొరాయిస్తోంది. సారు పటం మీద నూగు ఊది, చాలాసేపు చూసి, ఒక మూల వేలు పెట్టారు.

“ఈడ లేజరు తగల్లేదు గదమ్మా. మరి ఎందుకు ఎర్రగుండాది?”

నేను వంగి ఆ మూలకేసి చూశాను.

“కొలిచేటప్పుడు పలక ముక్క యాడుండాది?”

“గాజు మీద సార్. మైనంతో అతికించినా. మీరే సెప్పినారు గదా.”

సారు గ్లాసు కింద పెట్టారు. మైనం చల్లారి ముడుచుకుంటూ పలకను కూడా లాగుతుందని, నేను కొలిచినదాంట్లో ఎక్కువ భాగం ఆ లాగుడేనని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. “మీ ఇంట్లో సీర మగ్గం మీద ఉన్నప్పుడే పొడుగు కొలుస్తారా?” అని అడిగారు నెమ్మదిగా. కొలవరు. కోసి దించాక కూడా ఒక రాత్రి వదిలేస్తారు. గుడ్డ తనంతట తాను ముడుచుకున్నాకే కొలుస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని. “గుడ్డ మగ్గం దిగినా, కొంచేపు మగ్గం మీదే ఉండానని అనుకుంటాదమ్మా. విప్పు. విప్పి మళ్లా కొలువు.”

తిరుగు బస్సులో ఆయన మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరూ కనిపెట్టని తప్పును వెతికి పట్టుకోవాలా? మళ్లీ కొలిచేదాకా ఉద్యోగం ఆగలేదు, వేరేవాళ్లకు వెళ్లిపోయింది. విషయం చెబితే అమ్మ, “ఇంకొన్నాళ్లు నేస్తాలే, నాకేమైంది?” అని మళ్లీ గుంటలోకి దిగింది.

వారం తిరక్కుండా సారు చేతిసంచితో హైదరాబాదులో దిగారు. ఆ చలికాలమంతా నా పక్కనే కూర్చున్నారు. ముక్కల్ని మందులో నానబెడితే మైనం మెల్లగా వదిలేది. పలక తనంతట తానే గాజు నుంచి ఊడివచ్చేది. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడు కొలిచేవాళ్లం. పటంలో ఎరుపు దాదాపు అంతా మాయమై, గాడి అడుగున సన్నటి గీత ఒక్కటే మిగిలింది. నేను అంతమంది పెద్దల మధ్య చూపించబోయిన అందమంతా పోయింది. సారు మాత్రం పసిబిడ్డను చూసినట్టు చూశారు. “ఇదొక్కటే దానిది. మిగతాదంతా మనం పెట్టిందే” అన్నారు. అప్పుడు కోపం పోయింది. ఎటు పోయిందో తెలియదు.

వైవా రోజున, ముక్కలన్నీ విప్పి మళ్లీ ఎందుకు కొలవాల్సి వచ్చిందని పరీక్షకుడు అడిగారు. మైనం సంగతి చెప్పాను. ఆ తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగారాయన. నేను నోరు తెరిచేలోపే వెనక వరసలోంచి సారు లేచారు. “మైనం పెట్టమన్నది నేను. పట్టుకున్నది ఈ అమ్మాయే” అన్నారు. నేను కాదనబోతే, చెయ్యి కొంచెం కిందికి ఆడించి ఊరుకోమన్నారు.

ఆ మరుసటి ఏడు నాకు ఉద్యోగం వచ్చింది, అమ్మ మగ్గం దిగింది. సారు ఇప్పుడు లేరు. ఆయన నోట నేను అబద్ధం విన్నది ఆ ఒక్కసారే. నా తప్పు నేనే పట్టుకోగలిగి, దాన్ని నిజం చెయ్యాలనే ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంకా కాలేదు.